ఊరి పేరుకి తోక చూడండి

ఫోన్‌లో "శ్రీకాకుళం" అని కొట్టగానే మ్యాప్ తిన్నగా ఉత్తరాంధ్రకి తీసుకెళ్ళిపోతుంది. మాది ఆ సిక్కోలు కాదండీ. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకి కలలో కనిపించి, తెలుగులో కావ్యం రాయమన్నది ఈ స్వామేనని 'ఆముక్తమాల్యద' మొదట్లోనే ఉంటుంది. ఇంత చెప్పాక కూడా ఆఫీసులో వచ్చే ప్రశ్న ఒక్కటే: "మీ ఊళ్ళో కాకులెక్కువా?"

కాకులులో ఉన్నది 'ల', కాకుళంలో ఉన్నది 'ళ' అని చెప్పి ఊరుకుంటాను. కానీ ఇదే కాకుల గొడవ ఆస్ట్రేలియాలో ఒక ఊరికి నిజంగానే వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో వాగ వాగ అని ఒక ఊరు. అక్కడి ఆదివాసులైన విరాజురి ప్రజల మాట అది. 'వాగ' అంటే కాకి, రెండుసార్లు అంటే బోలెడు కాకులు అని ఏళ్ళ తరబడి అందరూ చెప్పుకున్నారు. విరాజురి పెద్దలేమో కాదు, అది నాట్యం, వేడుక అన్నారు. 2019లో ఆ నగర కౌన్సిల్ పెద్దల మాటే ఖాయం చేసింది. పేరు అదే, అర్థం మారింది. ఆ భాష వాళ్ళని అడిగారు, అంతే.

మనకి ఆ ఇబ్బంది కూడా లేదు. మన డెల్టా ఊళ్ళ పేర్లు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. మనమే చదవడం మానేశాం. చదవడానికి ఒక కిటుకు ఉంది: పేరు ముందుభాగం పక్కన పెట్టి, తోక చూడండి. ఫైల్ పేరు ఏదైనా అది ఏం ఫైలో చివరి మూడక్షరాలు చెప్తాయి కదా, అలాగన్నమాట.

నాగాయలంక. లంక అంటే రావణుడి లంక కాదు, నది మధ్య మేట వేసిన భూమి. అవనిగడ్డ, పులిగడ్డ. గడ్డ అంటే మెరక, ఒడ్డు. "అప్పుల్లోంచి గడ్డెక్కాం" అనేటప్పుడు ఎక్కేది ఈ గడ్డే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. అంటే దీవి. పెదప్రోలులో ప్రోలు అంటే పట్టణం. మా ఊరి స్వామి మీద 'ఆంధ్రనాయక శతకం' చెప్పిన కాసుల పురుషోత్తమ కవిది ఆ ఊరే.

ముందుభాగానికేమో కథలు పుడతాయి. హంసలదీవిలో కాకి మునిగి హంసై లేచిందంటారు. కథ బాగుంది, కానీ నేల ఎలాంటిదో చెప్పేది దీవే. ఘంటసాలని ఘంట, శాల అని విడదీస్తే అర్థం చక్కగా కుదురుతుంది. తీరా చూస్తే నాగార్జునకొండ శాసనంలో ఆ ఊరు కంటకసోల. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన గ్రీకు పుస్తకంలో కొంటకొస్సుల. గంట తర్వాత మోగిందన్నమాట. మచిలీపట్నంలో 'మచిలీ' అంటే చేప అని హిందీలో చెప్తాం. దానికి దగ్గరగా వినిపించే 'మసాలియా' ఒకటో శతాబ్దం నాటి గ్రీకు నావికుల పుస్తకంలోనే ఉంది. సన్నటి బట్టలు నేసే సీమ అని కూడా అందులో రాశారు.

బయటివాళ్ళు వచ్చినా మనవాళ్ళు తోక వదల్లేదు. బందరు అంటే పారశీకంలో ఓడరేవు, ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉన్నట్టే. ఆ బందర్లోనే ఇంగ్లీషుపాలెం ఉంది. వలందపాలెం ఉంది, అంటే హాలండ్ వాళ్ళది. ఫరాసుపేట ఉంది, ఫ్రెంచివాళ్ళది. దేశాలు వాళ్ళవి, పాలెం, పేట మనవి.

ఇదంతా కాలక్షేపం కబురు అనుకోకండి. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. దీవి అన్న పేరు ఆ నేల చుట్టూ ఏముందో ఎప్పటినుంచో చెప్తూనే ఉంది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, టీవీలో గంటగంటకీ వినిపించిన మాట "లంక గ్రామాలు". అదే వరదల్లో విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ముంచింది బుడమేరు. బుడమేరు తోకలో ఏరు ఉంది. కాలనీల పేర్లలో మాత్రం ఏరు లేదు, వాగు లేదు, చెరువు లేదు. నగర్లు, కాలనీలు, ఎన్‌క్లేవ్‌లే.

నా వయసువాళ్ళంతా ఇప్పుడు ప్లాట్ల వేటలో ఉన్నారు. బ్రోచర్‌లో గ్రీన్ సిటీ అనో, ప్యారడైజ్ అనో ఉంటుంది. సేల్స్ కుర్రాడిని కాదు, ఆ ఊళ్ళో పశువులు మేపిన ముసలాయన్ని అడగండి: "తాతా, వెంచర్ రాకముందు ఈ పొలాన్ని ఏమనేవాళ్ళు?" ఆయన దిబ్బ అన్నాడా, గడ్డ అన్నాడా, మిగతా కాగితాలు చూడండి. మడుగు అన్నాడా, కోడు అన్నాడా, వానాకాలంలో ఒకసారి వచ్చి చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఈ పేర్లు చాలావరకు ఏ మ్యాప్‌లోనూ లేవు. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని పొలాల పేర్లు, గట్ల పేర్లు, పాత కాలవల పేర్లు అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పది నిమిషాల పని.