విమానంలో బుజ్జిగాడు ఎందుకు ఏడ్చాడు?

బాలలూ!

మీలో కొందరు విమానం ఎక్కి ఉంటారు. కొందరు ఇంకా ఎక్కవలసి ఉన్నది. ఎక్కినవారిని ఒక ప్రశ్న అడుగుతాను. విమానం కిందికి దిగేటప్పుడు అందులో ఉన్న పసిపిల్లలు ఏడుపు లంకించుకోవటం మీరు విన్నారా? వాళ్లు ఎందుకు ఏడుస్తారో ఎప్పుడైనా ఆలోచించారా?

నేను ముప్ఫయి యేళ్లకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ణి. ఏ పిల్లవాడు బాధతో ఏడుస్తున్నాడో, ఏ పిల్లవాడు మారాం చేస్తున్నాడో ముఖం చూసి చెప్పగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఒక వేసవి సెలవుల్లో కాస్తా పోయింది. ఎలా పోయిందో వినండి.

మా అమ్మాయి, అల్లుడు, వాళ్ల పిల్లలిద్దరు, నేను కలిసి ఢిల్లీ చూడటానికి హైదరాబాదులో విమానం ఎక్కాం. పెద్దది మా మనమరాలు, అయిదో తరగతి చదువుతున్నది. చిన్నవాడు బుజ్జిగాడు, ఏడాదిన్నరవాడు. రెండేళ్లు నిండని పిల్లలు విమానంలో పెద్దవాళ్ల ఒళ్లో కూర్చోవచ్చు. అందుచేత సిబ్బంది ఒక చిన్న బెల్టు తెచ్చి, అమ్మ బెల్టుకు తగిలించి, వాడి నడుముకు పెట్టించారు.

విమానం లేచేటప్పుడు వాడు పాలసీసా నోట్లో పెట్టుకుని హాయిగా తాగాడు. తరవాత సీట్ల మధ్య దారిలో కాసేపు తప్పటడుగులు వేశాడు. కిటికీలోంచి మబ్బులు చూసి, "బూచి!" అన్నాడు. ఆపైన నిద్రపోయాడు. ఇంత బుద్ధిమంతుడు ఎక్కడైనా ఉన్నాడా అని నేను మురిసిపోయాను.

ఇంకో అరగంటలో ఢిల్లీ అనగా విమానం కిందికి దిగసాగింది. బుజ్జిగాడు ఉలిక్కిపడి లేచి కెవ్వుమన్నాడు. బిస్కట్టు ఇస్తే విసిరికొట్టాడు. తాళాల గుత్తి ఆడిస్తే కన్నెత్తి చూడలేదు. చెవులు పట్టుకుని గుంజుకుంటున్నాడు. ముందు సీటులోని పెద్దమనిషి వెనక్కి తిరిగి విసుగ్గా చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"వీణ్ణి మరీ గారాబం చేశావమ్మా! నిద్ర చెడితే మాత్రం ఇంత మొండితనమా?" అన్నాను.

మా అమ్మాయి బదులు చెప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మా మనమరాలు, "తాతయ్యా, నాకూ చెవులు నొప్పి పుట్టాయి. గుటక వేస్తే టప్పుమని తగ్గింది. తమ్ముడు గుటక వేయటం లేదేమో!" అన్నది.

అని ఊరుకోలేదు. సంచీలోంచి తమ్ముడి నీళ్ల సీసా తీసి వాడి నోటికి అందించింది. వాడు రెండుసార్లు తోసేశాడు. మూడోసారి పుచ్చుకుని గటగటా తాగాడు. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. మరి కాసేపటికి వెక్కిళ్లు కూడా ఆగాయి.

ఇంతకూ సంగతి ఏమిటి?

మనచుట్టూ ఉన్న గాలి మనని అన్ని వైపులనుంచీ ఒత్తుతూ ఉంటుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు ఉంటుంది. పైకి పోయినకొద్దీ అది తగ్గుతుంది. విమానాలు ఎగిరే 35,000 అడుగుల ఎత్తున అందులో నాలుగో వంతు మాత్రమే ఉంటుంది. ఆ గాలిలో మనం బతకలేం. కనక విమానం లోపలికి గాలిని ఒత్తిపెట్టి పంపుతారు. అయినా నేలమీద ఉన్నంత ఒత్తిడి ఉండదు. చాలా విమానాల్లో 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద ఎంత ఉంటుందో అంత ఉంటుంది. ఊటీ ఎత్తు సుమారు 7,300 అడుగులు. అంటే, విమానంలో కూర్చున్నవాడు దాదాపు ఊటీ గాలి పీలుస్తున్నాడన్నమాట!

ఇక చెవి సంగతి. మన కర్ణభేరి వెనక ఒక చిన్న గాలిగది ఉన్నది. దానికి మధ్యచెవి అని పేరు. ఆ గదినుంచి ముక్కు వెనకభాగానికి సన్నని గొట్టం ఒకటి ఉన్నది. 16వ శతాబ్దంలో దీన్ని వర్ణించిన యూస్టాకీ అనే ఇటలీ వైద్యుడి పేరిట దీన్ని యూస్టేషియన్ నాళం అంటారు. ఈ గొట్టం మామూలుగా మూసుకుని ఉంటుంది. మింగినప్పుడూ, ఆవలించినప్పుడూ తెరుచుకుంటుంది.

విమానం పైకి పోయేటప్పుడు గదిలోని గాలి ఆ గొట్టాన్ని తోసుకుని సులువుగా బయటికి వస్తుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంది, కాని గాలి అంత సులువుగా లోపలికి పోదు. గొట్టం తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి లాగుకుని నొప్పి పుడుతుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం మరీ సన్నం. పైగా నిద్రలో గుటకలు తక్కువ. ఎక్కేటప్పుడు పాలు తాగిన బుజ్జిగాడు ఎందుకు నవ్వాడో, దిగేటప్పుడు నిద్రపోయిన బుజ్జిగాడు ఎందుకు ఏడ్చాడో ఇప్పుడు తెలిసిందా?

దీనికి రుజువు కూడా మా మనమరాలే చూపింది. పైన ఉండగా నీళ్లన్నీ తాగేసి, ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత గట్టిగా బిగించింది. ఢిల్లీలో దిగి చూస్తే సీసా ఎవరో పిసికినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉన్నది. మూత తియ్యగానే గాలి లోపలికి పోయి, సీసా మామూలుగా అయింది. "తమ్ముడి చెవి కూడా ఇంతే కదా, తాతయ్యా?" అన్నది. అంతే మరి!

ఆ రాత్రి బసలో మా అమ్మాయితో, "తప్పు నాదమ్మా. వాడు నొప్పి అని చెప్పలేక ఏడిస్తే నేను మొండితనమన్నాను," అని చెప్పాను. ఇంతకాలం బడిలో ఎందరి ఏడుపును ఇలాగే పొరబడ్డానో అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బుజ్జిగాడి చెవులకు మా మనమరాలే కాపలా. విమానం దిగటం మొదలు కాగానే వాణ్ణి లేపించి, కూర్చోబెట్టించి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించింది. హైదరాబాదు చేరేదాకా వాడు కిక్కురుమనలేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. బిడ్డకు జలుబుగాని, చెవిలో నొప్పిగాని ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరును అడగండి. జలుబులో ఆ గొట్టం వాచి, సరిగా తెరుచుకోదు. పెద్దపిల్లలు చప్పరించే పిప్పరమెంట్లు పసివాళ్లకు ఇవ్వవద్దు. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. పాలో, నీళ్లో చాలు.

బాలలూ, విమానం ఎక్కనివారు చిన్నబుచ్చుకోవద్దు. ఈసారి ఊటీ వంటి ఎత్తయిన కొండకు వెళ్లినప్పుడు ఖాళీ ప్లాస్టిక్ సీసాకు పైన మూత బిగించి, కిందికి వచ్చాక చూడండి. దారిలో ఎవరైనా పసివాడు ఏడుస్తుంటే విసుక్కోకండి. వాడికి ఎక్కడ నొప్పో చెప్పటానికి మాటలు రావు. మాటలు వచ్చిన మనమే కనుక్కోవాలి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.