బృహద్ధమనికి ప్రక్కదారి

మా ప్రక్కయింటివారి చిన్నకోడలికి ఇరువది రెండేండ్లు. కార్తికమాసములో అందఱమును గూడి సింహాచలము మెట్లెక్కితిమి. ఇరువది మెట్లకొకమాఱు ఆ పిల్ల పిక్కలు పట్టినవని కూలబడుచుండెను. నిలిచిన నొప్పి తగ్గును. నడచిన మరల వచ్చును. అత్తగారే ముందు నడచుచుండగా కోడలిట్లు కూర్చుండుట చూచి పనిదొంగ యని నవ్వినవారిలో మేమును గలము. ఆ సంగతి దాచుట మాకిష్టము లేదు.

ఆమెకు తలనొప్పియు నుండెడిది. మొదట చూచిన వైద్యుడు మణికట్టు పట్టి, నాడి దివ్యముగా నున్నదని బలమునకు మందిచ్చి పంపెను. శార్ఙ్గధరుని కాలమునుండియు నాడీపరీక్షయన్న చేతినాడియే గదా! తొడమొదటి నాడి చూపుటకు మనము సిగ్గుపడుదుము. అడుగుటకు వారును జంకుదురు. పిమ్మట నొక వైద్యురాలు చేతికిని కాలికిని రక్తపుపోటు కొలిచినది. చేతియందు మిక్కుటము, కాలియందు స్వల్పము! స్కానింగు తీయగా, గుండెనుండి దిగు బృహద్ధమని మూత్రపిండముల కెగువను బిగించిన మూటమూతివలె ముడుచుకొని యుండెను.

ఈ వ్యాధికి టకయాసు అను జపానుదేశపు నేత్రవైద్యుని పేరు పెట్టిరి. ఆయన 1908 లో ఒక యువతి కంటి రక్తనాళములలోని వింతను వెల్లడించెను. ఆసియాఖండపు పడుచులకే యిది యెక్కువ. ధమనిగోడ వాచి, వాపు తగ్గినచోట గాయపుమచ్చవలె నారకట్టి దళసరియగును. తమకు రక్తము చాలదని మూత్రపిండములు రక్తపుపోటు పెంచును. తలనొప్పి యందువలననే.

ముందు స్టెరాయిడు మాత్రలతో వాపు చల్లార్చిరి. వాపుండగా కోసినచో అతుకులు మరల మూసికొనిపోవునట. తరువాత, పూడిన తూము నట్లే విడిచి ప్రక్కన కాలువ త్రవ్వినట్లు, ఱొమ్ములోని ధమనినుండి అడ్డమునకు దిగువను గుడ్డగొట్టము నొకదానిని కుట్టిరి.

ఆ గొట్టపు కథ వినదగినది. అమెరికాలోని హూస్టను నగరమందు మైకేలు డిబేకీ యను శస్త్రవైద్యుడు అంగడిలో నైలాను గుడ్డ యడుగగా, లేదని డేక్రాను ఇచ్చిరట. దానిని భార్య కుట్టుమిషనుపై తానే గొట్టముగా కుట్టి 1954 లో రోగికి అతికెను. ఆయనకు కుట్టు నేర్పినది తల్లి! మగపిల్లవానికి సూది యేలయని ఆమె యనుకొనలేదు.

కోడలు ఇల్లు చేరి నాలుగు మాసములైనది. మాత్రలు మానరాదు, ఏటేట పరీక్షలు తప్పవు, బిడ్డలమాట వైద్యురాలి నడిగి తేల్చుకొనవలెను. అత్తగారు ప్రతియుదయమును ఆమె పాదముపై వ్రేలుంచి నాడి చూచుచున్నారు. కోడలి కాలు అత్త ముట్టుటేమని వీధివారడిగిరి. “కొట్టుకొనుచున్నది, మీరును చూడుడు” అని ఆమె వారి చేయి పట్టి లాగినది.