పదవ తరగతి దాటిన పిదప సాంఘిక శాస్త్రమునకు చోటేది?

పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి ఇంటింట ఒకే చర్చ: ఎం.పి.సి.యా, బైపి.సి.యా? సాంఘిక శాస్త్రమున తొంబది మార్కులు తెచ్చుకొన్న బాలుడుకూడ, దానిని విడిచిపెట్టుటయే పైకివచ్చుటకు తొలిమెట్టని నమ్ముచున్నాడు. లెక్కలలో వెనుకబడినవారికి మాత్రము హెచ్.ఇ.సి. చూపబడుచున్నది. చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము ఓడినవారి విడిది యనుట మాకు సమ్మతము కాదు.

తల్లిదండ్రుల భయము అకారణమని మేమనము. ఇంటర్మీడియట్‌లో గణితము చదివినవాడు పిదప బి.ఎ.లో చేరవచ్చును, హెచ్.ఇ.సి. చదివినవాడు ఇంజనీరింగునకు మరలలేడు. ఒక వాకిలి మూసుకొనుట నిజమే. అయినను తెరచియున్న వాకిళ్లను ఎవరు లెక్కించుచున్నారు? ఐదేండ్ల న్యాయవిద్య కలదు. బి.ఎ., ఆ పిమ్మట బి.ఎడ్. కలవు. గ్రూప్-1 పరీక్షకు కూర్చుండు ఇంజనీర్లు సైతము చరిత్రను, రాజ్యాంగమును, ఆర్థిక వ్యవస్థను మొదటినుండి చదువుకొనుచున్నారు. పదునారవ యేట తరగతిలో కాదన్న పాఠమునకే ఇరువదియైదవ యేట కోచింగు కేంద్రమునకు రుసుము చెల్లించుట వింత గాదా!

ఉద్యోగముల మాట అటుంచుదము. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన వినిపించు మనవంటి కళాశాలకు ఈ శాస్త్రములు మరింత దగ్గరివి. మతము లేక భాష ప్రాతిపదికగా అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనవచ్చునని రాజ్యాంగము 30వ అధికరణమున హక్కు నిచ్చినది. ఆ హక్కు నీడలో చదువుచు, ఆ అధికరణమును ఒక్కమారైనను చదువక డిగ్రీ పుచ్చుకొని పోవువారు మనలో లేరా? ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగున రచించిన యయాతి చరిత్రకు కృతిపతి అమీనుఖాను. మన రెండు భాషలు ఒకదానికొకటి పరాయివని ఎవరైన పలికినచో, బదులు చెప్పుటకు ఈపాటి చరిత్ర యైనను తెలిసియుండవలదా?

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ గ్రూపు సులువని మాత్రము రావలదు. అర్థశాస్త్రమున రేఖాచిత్రములు బట్టీపట్టినవాడు ప్రశ్న కొంచెము మారినంతనే తెల్లబోవును. దినపత్రికను తెరచినపుడు ఆటల పుట కంటె ముందు బడ్జెట్టు వార్తపై చూపు నిలుచువారు, తాతగారి నోట పాత సంగతులు విని ఇంకను అడుగువారు నిశ్చింతగా రావచ్చును. అన్నగారు చదివెనని, స్నేహితుడు చేరెనని వేరొక గ్రూపునకు పోవలదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. విద్యార్థులు తక్కువైన యేడు ముందుగా ఈ గ్రూపుపైననే కత్తి పడుట కద్దు. అట్లు జరుగకుండ చూడవలెను. పాఠ్యపుస్తకములు తెలుగున, ఉర్దూలోను జూన్ నెలలోనే గ్రంథాలయమునకు చేరవలెను; దసరా సెలవుల పిదప చేరు పుస్తకము ఎవరికి ఉపయోగము? ప్రవేశముల వేళ చరిత్ర, అర్థశాస్త్ర అధ్యాపకులను కూడ బల్ల యొద్ద కూర్చుండబెట్టి, తల్లిదండ్రులతో మాటలాడనిండు. ఏడాదికొక పర్యాయము విద్యార్థులను గోలకొండకు, కుతుబ్‌షాహీ సమాధులకు తీసికొనిపోవుటకు బస్సు ఖర్చు కంటె మించి కాదు.