అమెరికా హోటళ్ల తలుపులు

వర్తకము వృద్ధియైనకొలది కులభేదములు వాటంతట నవియే నశించునని మనలో పలువురు చెప్పుచుందురు. రూపాయి పుచ్చుకొనువాడు దాని నిచ్చువాని కులమడుగడు గదా యని వారి వాదము. వినుట కిది యింపుగానే యున్నది. కాని హోటలు వ్యాపారమును మిక్కిలి విస్తారముగా పెంచిన అమెరికావారి చరిత్రను జూచినచో ఈ మాట నిలువదని నా యభిప్రాయము.

ఆ వ్యాపారముయొక్క గొప్పతనమును మొదట నొప్పుకొనవలెను. 1870 ప్రాంతములందు ఆ దేశపు పడమటి రైలుదారులలో ప్రయాణికుల భోజనము దుర్భరముగా నుండెను. బండి కొద్ది నిమిషములే యాగును. చవిలేని పదార్థములకు ముందుగానే సొమ్ము పుచ్చుకొందురు. ముద్ద నోట పెట్టుకొనులోపల బండి కదలును. ఇంగ్లండునుండి వలసవచ్చిన ఫ్రెడ్ హార్వీ అను నతడు 1876లో టొపీకా స్టేషనునందు సాంటా ఫే రైల్వేవారి యాశ్రయమున నొక భోజనశాల పెట్టెను. క్రమముగా నట్టి శాలలు ఆ దారి పొడుగునను వెలసెను. ఎందరు భోజనము చేయుదురో తంతి మూలమున ముందే తెలియుచుండుటచే, బండి దిగినవారికి వేడివేడి వంటకములు సిద్ధముగా నుండెడివి. 1883 మొదలుకొని అతడు వడ్డనకు యువతులను నియమించి, నెలకు 17 డాలర్ల 50 సెంట్ల జీతమును, భోజన వసతులను ఇచ్చెను.

ఎల్స్‌వర్త్ స్టాట్లరు కథ యింకను చిత్రమైనది. పదుమూడేండ్ల ప్రాయమున హోటలులో సామానులు మోయు పిల్లవాడుగా చేరిన యీతడు, 1908లో బఫెలో నగరమున తానే హోటలు కట్టించి, ప్రతి గదికిని స్నానపుగది చేర్చి, డాలరున్నర మొదలు అద్దెకిచ్చెను. అంతకుముం దది ధనికులకు మాత్రమే దక్కు భోగము. రెండు స్నానపుగదులను వెన్నుకు వెన్ను ఆనించి, నీటిగొట్టముల నన్నిటిని నడుమ నొకే దారిని నిలువుగా పంపుటచే ఖర్చు తగ్గెను. ఇక హోవార్డు జాన్సను మసాచుసెట్సులో 1925లో చిన్న మందుల అంగడితోను ఐస్‌క్రీముతోను ఆరంభించి, 1935నుండి తన పేరును, వంట పద్ధతులను ఇతరులకును వాడుకొననిచ్చి, నారింజరంగు కప్పుగల భోజనశాలలను రోడ్లవెంట వ్యాపింపజేసెను. ఏ యూరనైనను అదే రుచి, అదే శుభ్రత. క్రొత్తచోటికి వచ్చినవానికి నమ్మకము కలిగించుటయే వీరందరి మూలధనము.

ఆ నమ్మకము ఎల్లరకును గలదా? నల్లజాతి కుటుంబము కారులో ప్రయాణమైనచో అన్నము మూటగట్టుకొని, రాత్రి తలదాచుకొను చోటును ముందే విచారించుకొనవలసియుండెను. తపాలాజవానుగా నుండిన విక్టర్ హ్యూగో గ్రీన్, వారిని చేర్చుకొను హోటళ్ల పట్టికను 1936లో పుస్తకముగా అచ్చువేయ నారంభించెను. అది 1960 దాటినను వెలువడుచునే యుండెను. సొమ్ము చేతనుండియు అమ్మువానిని వెదకుటకు పుస్తకము కావలసివచ్చెను! 1957లో గానాదేశపు ఆర్థికమంత్రి గ్బెడెమా డెలవేరు రాష్ట్రములోని డోవరువద్ద ఒక హోవార్డు జాన్సను శాలలో నారింజరసము కొనగా, లోపల కూర్చుండి త్రాగరాదనిరి. అధ్యక్షుడైన ఐసెన్‌హోవరు ఆయనను స్వయముగా నాహ్వానించి ఫలాహార మొసగెను. మంత్రిని అధ్యక్షుడు పిలిచెను సరే. దారినపోవు కూలివాని నెవరు పిలుతురు?

1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోయందు నలుగురు కాలేజీ విద్యార్థులు వుల్‌వర్తు అంగడిలో చిల్లర వస్తువులు కొనిరి. అంగడివారు సొమ్ము పుచ్చుకొనిరి. పిమ్మట ఆ యంగడిలోనే యున్న ఫలాహారపు బల్లకడ కూర్చుండి కాఫీ యడుగగా ఇవ్వమనిరి. విద్యార్థులు కదలలేదు. మరునాడును వచ్చిరి, వారితో మరికొందరు వచ్చిరి. వారు మన పై తరగతులవారికంటె ఏమంత పెద్దవారు కారు, మొదటి సంవత్సరమువారు. ఆ జులై 25న అంగడివారు పట్టు విడిచిరి.

రూపాయికి కులము లేకున్నచో ఇంత యేల జరిగినది? నా కిట్లు తోచుచున్నది. ఒక వర్తకుడు తలుపు తెరువదలచినను, తానొక్కడే తెరచినచో తన తెల్ల గిరాకి పొరుగు హోటలుకు పోవునని భయపడును. పొరుగువాడును అట్లే తలచును. అందరును లాభము కోరువారే; ఆ లాభాపేక్షయే అందరిచేతను తలుపు మూయించినది. ఈ చిక్కును విప్పుట ఏ యొక్క వర్తకుని తరమును కాదు. ఒకే దినమున అందరికిని వర్తించు చట్టమే దానిని విప్పవలెను. అది 1964 జులై 2న వచ్చెను.

వెంటనే అట్లాంటాలోని హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటలు యజమాని దావా వేసెను. దానికి 216 గదులు. బసచేయువారిలో నాలుగింట మూడువంతులు పైరాష్ట్రములవారు. నల్లజాతివారికి గది యిమ్మని నిర్బంధించుట తనను దాస్యమున బడవేయుటయే యని అతడు వాదించెను! దాస్యమును రద్దుపరచిన రాజ్యాంగ సవరణనే అతడు తన పక్షమున చూపెను. దాసుల మనుమలకు గది యీయనివాడు ఆ మాట యనుట వింతగదా. డిసెంబరు 14న సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరును ఏకాభిప్రాయముతో ఆ వాదమును త్రోసివేసిరి. ప్రయాణికునికి బస నిరాకరించుట రాష్ట్రముల నడుమ సాగు వర్తకమునకు అడ్డు తగులుటయే యనియు, దానిని తొలగించు నధికారము శాసనసభకు గలదనియు తీర్పు చెప్పిరి.

ఈ విషయమున మన దేశము అమెరికాకంటె ముందుగా నడచినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, కులమును బట్టి గాని మతమును బట్టి గాని హోటళ్లలో ప్రవేశము నిషేధింపరాదని పదునైదవ అధికరణములోనే శాసించినది. అయినను మన పల్లెలలో కొన్ని టీ అంగళ్లయందు కొందరికి వేరు గ్లాసులుంచు ఆచారము ఆ పిమ్మటను చాలకాలము కనబడుచు వచ్చినది. టీ వెల మాత్రము అందరికి నొకటే. వేసవి సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులు తమ యూరి అంగడిలో గ్లాసులు ఎన్ని వరుసలుగా నున్నవో చూచివచ్చి, తరగతిలో చెప్పవలెనని కోరుచున్నాను.