వెలి పెట్టినా మన పొయ్యి ఆరకూడదు

వెలి అంటే ఏందో మన హరిజనవాడలకు, అరుంధతివాడలకు ఎవురూ పాఠం చెప్పే పని లేదు. టీ అంగట్లో మాకు వేరే గ్లాసు ఎందుకని అడిగితే వెలి. పోలీసు కేసు పెడితే వెలి. కూలికి పిలవరు, అంగట్లో ఉప్పు అమ్మరు, మేకల్ని బీడుకు తోలనీరు. నెత్తురు చుక్క కారకుండా మనల్ని కాళ్లబేరానికి తెచ్చే ఆయుధం ఇది. కడుపు మీద కొట్టేది.

ఇదే ఆయుధాన్ని అమెరికాలో నల్లవాళ్లు తిప్పి పట్టుకున్నారు. అలబామా రాష్ట్రంలో మాంట్‌గొమరీ అని ఒక పట్నం. అక్కడ సిటీ బస్సులో ముందు సీట్లు తెల్లవాళ్లవి, వెనక సీట్లు నల్లవాళ్లవి. తెల్లవాళ్లకు సీటు చాలకపోతే నల్లవాళ్లు లేసి నిలబడాల. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే కుట్టుపనామె లేవనని కూర్చుంది. అరెస్టు చేశారు. డిసెంబరు 5 నుంచి నల్లవాళ్లు బస్సెక్కడం మానేశారు. ఒక దినం కాదు, రెండు దినాలు కాదు, 381 దినాలు.

ఈ కథ చెప్పేవాళ్లు రోజా పార్క్స్ దగ్గిర మొదలుపెట్టి మార్టిన్ లూథర్ కింగ్ దగ్గిర ఆపేస్తారు. మనోళ్లు కూడా విని, "అట్లాంటి నాయకుడు మనకు యాడున్నాడు?" అని నిట్టూరుస్తారు. కింగుకు అప్పుడు 26 ఏళ్లు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు. పోరాటాన్ని నిలబెట్టింది తెల్లవాళ్ల ఇండ్లలో అంట్లు తోమే ఆడోళ్లు, వంటోళ్లు, కూలోళ్లు. జో ఆన్ రాబిన్సన్ అనే పంతులమ్మ రాత్రికి రాత్రి వేల కరపత్రాలు అచ్చేసింది. జార్జియా గిల్మోర్ అనే వంటామె ఉన్న కొలువు పోగొట్టుకుంది. ఇంట్లోనే వండి అన్నం అమ్మింది, తోటి ఆడోళ్లను కూడగట్టింది, వచ్చిన డబ్బు ఉద్యమానికిచ్చింది. సుమారు 300 కార్లు తిప్పి జనాన్ని పనులకు చేరవేశారు. పోలీసులు కేసులు పెట్టారు, కింగు ఇంటి మీద బాంబేశారు. కార్లు తిరగడం ఆగలేదు. కోర్టుకు పోయింది కూడా నలుగురు ఆడోళ్లే. వాళ్లలో క్లాడెట్ కాల్విన్ 15 ఏళ్ల పిల్లగా ఉన్నప్పుడే, రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, సీటు వదలనని జైలుకు పోయింది. 1956 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

గెలిపించింది ఉపన్యాసాలు కాదు. ఏడాది పైగా జనానికి బువ్వ, బండి, డబ్బు తక్కువ కాకుండా చూసుకున్న ఏర్పాటు.

"వాళ్ల సంగతి వేరు" అంటారు కొందరు. నిజమే, వేరే. ఆ బస్సులెక్కే వాళ్లలో నాలుగింట మూడు వంతులు నల్లవాళ్లే. వాళ్ల చిల్లర పడకపోతే కంపెనీ మునగతాది. మనం చిల్లర ఇచ్చేవాళ్లం కాదు, కూలి తీసుకునేవాళ్లం. అందుకే ఇక్కడ బహిష్కరణ భూమి ఉన్నోడి చేతిలో కత్తి అయ్యింది. కానీ చెనిక్కాయలు పెరికేదెవురు, చెరుకు కొట్టేదెవురు, నాట్లేసేదెవురు? మన చెయ్యి లేకపోతే వాళ్ల పంటా ఇంటికి రాదు. ఎవురు ఎక్కువ దినాలు తట్టుకుంటే వాళ్లదే గెలుపు. ఒక వాడకు వెలి పెట్టి పక్క వాడను పనికి పిలిస్తే, పక్క వాడ పోతే, మాలామాదిగలిద్దరమూ ఓడిపోయినట్టే.

మన గడ్డ మీదా అట్లా తట్టుకున్నోళ్లు ఉన్నారు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో తాగే నీళ్ల కాడ మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరుసటి దినం, 1985 జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపేశారు. బతికినోళ్లు చీరాలకు పోయి శిబిరం పెట్టుకున్నారు. మళ్లీ ఆ దొరల కింద కూలికి పోమని చీరాలలోనే నిలబడ్డారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కూలి జనం ఊరినే వెలేసిన పోరాటం అది. మన మాంట్‌గొమరీ అదే.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ముందు వెలి పెట్టారు, తర్వాత 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, 23 ఏళ్లకు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టినా, పెడతామని బెదిరించినా నేరమని 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో రాశారు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ సంగతి ప్రతి వాడలో తెలియాల, ఫిర్యాదులో రాయించాల. అయితే కోర్టు తీర్పు వచ్చేదాకా పొయ్యి మీద సంగటి ఉడికించేది చట్టం కాదు. మన సంఘమే.

కాబట్టి గొడవ వచ్చినాక పరిగెత్తేది కాదు, ముందే సిద్ధం కావాల. ప్రతి ఇంటి నుంచి వారానికి పిడికెడు బియ్యం తీసి సంఘం కుండలో వెయ్యండి. మనోళ్లకు ఆటోలు ఎన్నుండాయి, తిరపతిలో ఎవురికి ఏ పని తెలుసు, ఎవురి ఇంట్లో పది మందికి వండగలరు, లెక్క రాసి పెట్టుకోండి. ఫిర్యాదు రాయగలిగిన చదువుకున్న పిల్లోళ్లను గుర్తు పెట్టుకోండి. ఆ లెక్క పుస్తకం ఆడోళ్ల చేతిలో పెట్టండి. పొయ్యి ఎన్ని దినాలు మండతాదో చెప్పగలిగింది వాళ్లే.

ఊరి పెద్దలు వెలి పెట్టే ముందు ఒకటే లెక్క వేస్తారు, వీళ్లు ఎన్ని దినాలు తట్టుకుంటారని. రెండు దినాలని తేలితే పెడతారు. ఏడాదని తేలితే మాట్లాడేదానికి మన వాడకు వస్తారు.

జై భీమ్!