హోమ్ ఎలోన్ మా నాన్నమ్మకి ఎందుకు నచ్చలేదు?

పోయిన క్రిస్మస్‌కి గుండుగొలను వెళ్ళినప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. ఇంట్లో కొత్త స్మార్ట్ టీవీ పెట్టించి, రెండు ఓటీటీలకి ఏడాది చందా కట్టి, నాన్నకీ నాన్నమ్మకీ "క్రిస్మస్ క్లాసిక్స్" అని ఒక లిస్టు తయారుచేశాను. పెద్దవాళ్ళకి నచ్చే పాత క్రిస్మస్ సినిమాలు ఏవని వెతికితే ఎక్కడ చూసినా దాదాపు అవే పేర్లు కదా. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్, వైట్ క్రిస్మస్, హోమ్ ఎలోన్... నేనూ అవే పెట్టా. పెద్ద రీసెర్చేం చెయ్యలేదు :)

24 సాయంత్రం, చర్చికి వెళ్ళడానికి ఇంకా టైముందని, 'హోమ్ ఎలోన్' వేశాను. నాన్న పది నిమిషాల్లో కునుకు తీశారు. నాన్నమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చూసింది. దొంగలు జారిపడుతుంటే నేను పగలబడి నవ్వుతున్నా. ఆవిడ నవ్వలేదు. చివరికి అడిగింది: "పండగ పూట పిల్లోణ్ణి ఒక్కణ్ణే ఇంట్లో వదిలేసి ఇమానం ఎక్కేశారంట్రా? ఆళ్ళకి ఎలా మనసొప్పిందిరా?"

నేను నోరు మూసుకున్నాను. అంతకు ముందు వరసగా మూడు క్రిస్మస్‌లకి నేను ఇంటికి వెళ్ళలేదు మరి.

కాసేపాగి ఆవిడే అంది, "ఇందులో కరుణామయుడు రాదేంట్రా?" నా లిస్టులో లేదు. యూట్యూబ్‌లో వెతికి వేశాను. వీధి తలుపు తీసే ఉంది. పాట వినబడగానే ఎదురింటి మామ్మ వచ్చింది. తర్వాత పక్కింటి అత్త, కొల్లేటి లంకల నుంచి పండక్కి వచ్చిన వాళ్ళ చుట్టాలు. గంట గడిచేసరికి హాల్లో చాపలు వెయ్యాల్సి వచ్చింది. నాన్న లేచి కూర్చున్నారు. నేను కొన్న టీవీకి ఆ రోజే మొదటిసారి విలువొచ్చింది.

అసలు విషయానికొస్తే, మనం "క్లాసిక్" అనే మాటని తప్పుగా అర్థం చేసుకుంటున్నామని నా అభిప్రాయం. సినిమా బాగుండటం వల్లే క్లాసిక్ అవుతుందనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం, దాన్ని ఎంతమంది కలిసి, ఎన్నిసార్లు చూశారన్నది.

అమెరికా వాళ్ళ ఉదాహరణే తీసుకోండి. ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' 1946లో వచ్చినప్పుడు ఆశించినంత ఆడలేదు. 1974లో దాని కాపీరైటు రెన్యువల్ జరగలేదు. దాంతో టీవీ స్టేషన్లు పెద్దగా ఖర్చు లేకుండా ప్రతి డిసెంబరులోనూ వేసుకోవడం మొదలుపెట్టాయి. అలా ఏటేటా ఇంటిల్లిపాదీ చూసీ చూసీ అది పండగలో భాగమైపోయింది. అంటే ఆ సినిమాని క్లాసిక్ చేసినవాటిలో ఒకటి లైసెన్సింగ్ పొరపాటు! మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ అయ్యాకే యూజర్ బేస్ పెరిగింది.

మన కరుణామయుడు కథా ఇంచుమించు ఇంతే. 1978 డిసెంబరులో విడుదలైంది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్, తమిళంలో పాశమలర్, పావమన్నిప్పు తీసినాయన. ఆ ఏడాది జనవరిలోనే చనిపోయారు, విడుదల చూడనేలేదు. యేసుగా వేసింది విజయచందర్, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనవడు. శిలువ మోసుకుంటూ వెళ్ళేటప్పుడు బాలు గొంతులో వచ్చే పాట మోదుకూరి జాన్సన్ రాశారు. మా వైపు ఆ పాట రాని క్రైస్తవ ఇల్లు ఉంటుందని నేననుకోను.

సినిమా హాళ్ళ నుంచి వెళ్ళిపోయాక దాని రెండో జీవితం మొదలైంది. 16 ఎంఎం ప్రొజెక్టర్లతో ఊరూరా తిప్పి చూపించారు. హిందీలో 'దయాసాగర్' పేరుతో, ఇంకా చాలా భాషల్లో డబ్బింగ్ చేశారు. మా నాన్న చెప్పేదాన్ని బట్టి, పేటలో రెండు వెదురు గడలు పాతి తెల్లగుడ్డ కట్టేవారట. అటువైపు చోటు చాలక ఇటువైపు కూర్చున్నవాళ్ళకి బొమ్మ తిరగబడి కనిపించినా కదిలేవారు కాదట. నా చిన్నప్పుడు ప్రొజెక్టరు పోయి సీడీ ప్లేయరు వచ్చింది. చర్చి ముందు అద్దె టీవీ, మధ్యలో కరెంటు పోవడం, మళ్ళీ మొదట్నుంచీ వెయ్యమని పిల్లల గోల. నాకు ఇదంతా బాగా గుర్తే.

నిజానికి అది క్రిస్మస్ సినిమా కూడా కాదు. పశువుల పాక దగ్గర మొదలై శిలువా పునరుత్థానం దాకా వెళ్తుంది. మా నాన్నమ్మ లెక్కలో 'మిస్సమ్మ' కూడా క్రిస్మస్ సినిమాయే. 1955 నాటి ఎల్వీ ప్రసాద్ కామెడీ, ఎన్టీఆర్, సావిత్రి. ఏమిటి సంబంధం అంటే, "సావిత్రి అందులో మేరమ్మ కదరా, మేరిమాత పాట ఉంటది" అంటుంది. బాపు తీసిన 'రాజాధిరాజు' (1980) అయితే నూతన్ ప్రసాద్ వేసిన సైతాను కోసం నాన్నకి ఇష్టం. ఏ రికమెండేషన్ ఇంజనూ ఈ మూడింటినీ ఒక వరసలో పెట్టదు. ఊరు పెట్టింది. అదీ తేడా.

ఇక్కడ కొందరు మిత్రులు, "అవన్నీ మతప్రచారం సినిమాలు కదా" అంటారు. కరుణామయుడిని ప్రచారానికి వాడారు, నిజమే, దాచాల్సిన పనేం లేదు. కానీ యేసుగా వేసిన విజయచందరే తర్వాత షిరిడీ సాయిబాబాగానూ, వేమనగానూ వేశారు. ఆయన్ని అన్ని రకాల ఇళ్ళలోనూ ఆదరించారు. మా పేటలో తెరకి ఇటూ అటూ కూర్చున్నవాళ్ళందరూ చర్చికి వచ్చేవాళ్ళేం కాదు. సినిమా చూసి, బెల్లం టీ తాగి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

ఇంకో వాదన కూడా ఉంది. ఇప్పుడు ఫోన్లోనే అన్నీ ఉన్నాయిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చుగా అని. మంచం దిగలేని పెద్దవాళ్ళకి ఫోను నిజంగా వరమే, కాదనను. కానీ మా నాన్ననే అడిగాను, "కరుణామయుడు ఫోన్లో ఎప్పుడైనా చూశారా" అని. "పాటలు వింటాన్రా. సినిమా ఒక్కణ్ణే కూర్చుని ఏం చూస్తాను" అన్నారు. సినిమా అందుబాటులోకి వచ్చింది, పక్కన కూర్చునే మనిషి అందుబాటులో లేకుండా పోయాడు. మనం మొదటిదాన్ని బాగుచేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటున్నాం. లింకు పంపి "చూడండి" అనడం, నీలం టిక్కులు రాగానే పని అయిపోయిందనుకోవడం. నేనూ అదే బాపతు, అందుకే ఇంత ధైర్యంగా తిడుతున్నా.

విచిత్రం ఏంటంటే, మన వృత్తిలో డిసెంబరు ఆఖరి వారం ఇంటికెళ్ళడానికి అన్నిటికంటే వీలైన వారం. చాలామంది క్లయింట్లు సెలవులో ఉంటారు. ప్రొడక్షన్ ఫ్రీజ్. మెయిల్ పెడితే "జనవరిలో చూస్తా" అని ఆటో రిప్లై వస్తుంది. వాళ్ళు హాయిగా ఇంటికెళ్ళి వాళ్ళ పాత సినిమాలు వాళ్ళ వాళ్ళతో చూస్తుంటే, గుండుగొలనులోనో తాడేపల్లిగూడెంలోనో అదే పండగ ఉన్న మనం ఖాళీ ఆఫీసులో సపోర్టు చేస్తూ కూర్చుంటాం. నేను మూడేళ్ళు చేసింది అదే. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. అడిగితే సెలవు ఇచ్చేవారేమో, నేను అడగలేదు.

కాబట్టి నా సలహా ఇదీ. పెద్దవాళ్ళకి క్లాసిక్స్ లిస్టులు తయారుచెయ్యకండి. వాళ్ళ లిస్టు వాళ్ళ దగ్గరే ఉంది, అడగండి. అడిగాక పక్కన కూర్చోండి, మొత్తం అయ్యేదాకా. ఆ విగ్గులూ, ఆ గడ్డాలూ, సాగదీసిన సీన్లూ మనకి విసుగే, ఒప్పుకుంటా. ఫార్వర్డ్ మాత్రం కొట్టకండి. ఎందుకంటే మధ్యమధ్యలో వాళ్ళు చెప్పే కబుర్లుంటాయే, అసలు సినిమా అదే. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఏడ్చారు, ఆ ఏడు వరి ఎలా పండింది... వాటికి బ్యాకప్ లేదు.

మా నాన్నమ్మకి ఎనభై నాలుగు. ఈసారి డిసెంబరు 23 నుంచి సెలవు పెట్టేశాను. ప్రొజెక్టరు అద్దెకి దొరుకుతుందట, తెల్లగుడ్డ ఇంట్లోనే ఉంది. వెదురు గడల సంగతి నాన్న చూసుకుంటానన్నారు.