ఉపకార వేతనంలో ఉపకారమెంత?

స్కాలర్‌షిప్ అన్న మాటకి తెలుగులో మనం పెట్టుకున్న పేరు ఉపకార వేతనం. ఎవరో దయతలిచి ఉపకారం చేస్తే తలవంచి పుచ్చుకునే వేతనమన్నమాట. ఉర్దూలో వజీఫా అంటారు. ప్రభువులిచ్చే భృతి వాసన ఆ మాటకీ ఉంది. ఆడపిల్లల చదువు గురించి మన ఆలోచన ఎంత దూరం వచ్చి ఆగిపోయిందో ఈ మాటలే చెప్తాయి. విదేశంలో ఎమ్మే, ఎమ్మెస్సీ చదవడానికి పూర్తి స్కాలర్‌షిప్ సాధించిన అమ్మాయి ఫోటో పేపర్లో పడగానే అందరం సంతోషిస్తాం. 'పాతబస్తీ బిడ్డ విజయం' అని శీర్షిక పెడతారు. వార్త అక్కడితో అయిపోతుంది. ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన రోజుకీ, విమానం ఎక్కిన రోజుకీ మధ్య ఆ అమ్మాయి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. నేను రాయాలనుకుంటున్నది ఆ మధ్యకాలం గురించే.

హైదరాబాదుకి ఈ కథ కొత్తది కాదు. 1895లో పదహారేళ్ళ సరోజినీ చటోపాధ్యాయ, మనందరికీ తెలిసిన సరోజినీ నాయుడు, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళింది. పన్నెండేళ్ళకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసైన పిల్ల. అయినా ఆమె వెళ్ళడానికి చట్టమూ, పథకమూ ఏమీ లేవు. పురానీ హవేలీలో ఉండే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దయ ఒక్కటే దారి. ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీకి పునాది వేసినవాడు కాబట్టి ఆ దయ ఆమె దాకా వచ్చింది. హవేలీ చుట్టుపక్కల గల్లీల్లోని ఆడపిల్లల దాకా అది రాలేదు.

అంతటితో అయిపోలేదు. గోవిందరాజులు నాయుడితో ఆమె పెళ్ళి తల్లిదండ్రులకి అప్పట్లో ఇష్టం లేదనీ, ఆ అమ్మాయిని అతనికి దూరంగా ఉంచాలన్న ఆలోచన కూడా ఈ ప్రయాణం వెనక ఉందనీ ఆమె జీవిత చరిత్రలు రాసినవాళ్ళు చెప్తారు. అంటే కూతుర్ని చదువుకి పంపడంలోనూ పెళ్ళి లెక్కలే! లండన్ కింగ్స్ కాలేజీలో, ఆ తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదివింది. ఆమె ఇంగ్లండులో ఉండగానే, 1897లో, స్త్రీలకు డిగ్రీలివ్వాలన్న ప్రతిపాదనను కేంబ్రిడ్జి పురుషులు భారీ మెజారిటీతో ఓడించారు. స్త్రీలకి అక్కడ పూర్తి డిగ్రీ దక్కింది 1948లో. సరోజిని 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చి, కోరుకున్న వ్యక్తినే పెళ్ళి చేసుకుంది. ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే రోడ్స్ స్కాలర్‌షిప్ తలుపులు స్త్రీలకు తెరుచుకున్నది 1977లో. ఇక్కడి ప్రభువుల దయకే కాదు, అక్కడి విశ్వవిద్యాలయాల ప్రతిభా కొలమానాలకీ చాలాకాలం మగవాళ్ళే కనిపించారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. మారలేదంటే అన్యాయమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అంబేద్కర్ పేరుతో దళిత, ఆదివాసీ విద్యార్థులకి విదేశీ విద్యానిధి వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీలకు, మరుసటి ఏడు జ్యోతిబా ఫూలే పేరుతో వెనకబడిన తరగతులకు ఇలాంటి పథకాలు పెట్టింది. మైనారిటీల పథకంలో ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలు అర్హులు. మొదట పది లక్షలుగా ఉన్న సాయం తర్వాత ఇరవై లక్షలైంది. హవేలీ దయ స్థానంలో దరఖాస్తు ఫారం వచ్చింది. ఫారం నింపే హక్కు ఎవరి కూతురికైనా ఉంది. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ డబ్బు ఎప్పుడిస్తారు? మొదటి విడత, ఆ దేశంలో దిగినట్టు రుజువు చూపించాక. రెండో విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. దొంగ దరఖాస్తుల్ని అడ్డుకోవడానికి ఈ నియమం పెట్టామంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. తలాబ్‌కట్టలో ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "ఆపా, దిగాక డబ్బిస్తారట. దిగడానికి డబ్బెవరిస్తారు?"

దిగడానికి ఏమేం కావాలో చూద్దాం. ఇంగ్లీషు పరీక్ష ఫీజే పదిహేను వేలు దాటుతుంది. యూనివర్సిటీ సీటు ఖాయం చేయడానికి అడ్వాన్సు కట్టాలి. వీసా ఫీజు వేరే. బ్రిటన్ వెళ్ళే విద్యార్థి ఫీజు బాకీతోపాటు తొమ్మిది నెలల ఖర్చులకు సరిపడే సొమ్మును వరసగా 28 రోజులు బ్యాంకులో చూపించాలి. తర్వాత ఎన్ని లక్షలొస్తాయన్నది ఆ 28 రోజుల్లో పనికిరాదు.

ఆ అమ్మాయి తల్లి లాడ్‌బజార్ దుకాణాలకి లక్క గాజుల మీద రాళ్ళు అతికించే పని ఇంట్లోనే చేస్తుంది. డజన్ల లెక్కన కూలి. ఆ ఇంట్లో లక్షల మీద విలువున్న వస్తువు ఒక్కటే ఉంది, కూతురి పెళ్ళికని ఏళ్ళ తరబడి చీటీలు కట్టి కూడబెట్టిన బంగారం. దాన్ని కుదవపెడితేనే వీసా. అక్కడ మొదలైంది చర్చ. పెళ్ళి బంగారం చదువుకి పోతే రేపు పెళ్ళెలా? అయితే ముందు నిఖా చేసి పంపుదామన్నాడు మేనమామ. చేసుకునేవాడు వెళ్ళనిస్తాడా అని తల్లి. "లోగాఁ క్యా బోల్తే" అని నానమ్మ. లోకం ఏమంటుందన్నది ఏ భాషలోనైనా ఆడపిల్లకి చివరి ప్రశ్నే కదా! మూడు వారాలు నలిగి, బంగారం కుదవపెట్టి, చివరికి ఆ అమ్మాయి వెళ్ళింది. అదే జాబితాలో పేరున్న, పక్క గల్లీలోని ఇంకో అమ్మాయి వెళ్ళలేకపోయింది. సీటు ఒక ఏడాది వాయిదా వేసుకుంది. ఆ ఏడాదిలో ఆమె పెళ్ళయిపోయింది.

ఇది ఒక మతం సంగతనుకుంటే పొరపాటు. లాల్‌దర్వాజాలో, గౌలిపురాలో హిందూ కుటుంబాల్లోనూ ఇదే విన్నాను. నిశ్చితార్థమైనా చేసి పంపాలన్న పట్టు అక్కడా ఉంది. కొడుకుని పంపేటప్పుడు అప్పు పెట్టుబడి అవుతుంది. కూతుర్ని పంపేటప్పుడు అదే అప్పు సాహసం అవుతుంది. ప్రభుత్వం ఖాళీ వదిలిన చోటల్లా పితృస్వామ్యం వచ్చి కూర్చుంటుంది. డబ్బు ఆలస్యమైన ఆ కొన్ని నెలలూ అమ్మాయి భవిష్యత్తు మీద నిర్ణయం మళ్ళీ ఇంటి పెద్దల చేతిలోకి వెళ్తుంది.

బ్యాంకు అప్పు తీసుకోవచ్చు కదా అంటారు. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడగడం బ్యాంకుల పద్ధతి. ఆస్తి ఎవరి పేర ఉంది? తాత పేరు మీదే ఉండి పంపకాలు జరగని ఇళ్ళు, అద్దె ఇళ్ళు పాతబస్తీలో కొల్లలు. ఉన్న కాగితాలు తండ్రివో అన్నదమ్ములవో. అప్పుకి జతగా సంతకం తల్లో తండ్రో పెట్టాలి, పెళ్ళయితే భర్తో అత్తమామలో పెట్టాలి. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుల అప్పుకి వడ్డీ భరించిన కేంద్ర పథకం 'పఢో పరదేశ్' 2022-23 నుంచి ఆగిపోయింది. దళిత విద్యార్థులకున్న కేంద్ర ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 30 శాతం స్త్రీలకి కేటాయించారు, బాగుంది. కానీ 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, ఈ దేశ సమాజం మీద చదువుల్ని అందులోంచి తీసేశారు. తన కులం ఎందుకిలా ఉందో అధ్యయనం చేయాలనుకున్న దళిత అమ్మాయికి ఆ తలుపు మూసుకుంది.

విదేశీ సంస్థలిచ్చే పూర్తి స్కాలర్‌షిప్పుల్లో ఈ డబ్బు ఇబ్బంది తక్కువ. అక్కడ ఇంకో గడప ఉంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ మూడేళ్ళు జీతంతో చేసిన పూర్తికాలం ఉద్యోగానుభవం అడుగుతుంది. పెళ్ళికి ముందు ఉద్యోగానికి పంపని ఇంట్లో పిల్లకి ఆ అనుభవం ఎక్కడిది? ఐదేళ్ళు గల్లీలోని పిల్లలకి ట్యూషన్లు చెప్పినా, రాత్రుళ్ళు జరీ పని చేసి తన ఫీజు తనే కట్టుకున్నా దానికి జీతం చీటీ ఉండదు. బ్రిటన్ వాళ్ళ చెవెనింగ్ జీతం లేని పనిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్త్రీల పనిని పనిగా గుర్తించమని మనం ఇన్నేళ్ళుగా అడుగుతున్నది ఇందుకే.

పాతబస్తీలో ఎంతోమంది ఆడపిల్లలు పదో తరగతి దాటలేకపోతుంటే విదేశీ ఎమ్మే గురించి ఈ గోలేమిటని కొందరు మిత్రులే అడిగారు. రెండూ వేర్వేరు అని నేననుకోను. 1991లో, పాతబస్తీ నుంచి ఒక చిన్నపిల్లని వృద్ధుడైన సౌదీ షేకుకి కట్టబెట్టి తీసుకెళ్తుంటే, విమానంలో ఆ పిల్ల ఏడుపు చూసిన ఎయిర్‌హోస్టెస్ అడ్డుకుంది. దేశమంతా ఉలిక్కిపడింది. ఆనాటి నుంచి పాతబస్తీ ఆడపిల్ల విమానమెక్కడం అంటే పత్రికలకి ఒకే కథ, అమ్ముడుపోయిన పిల్ల కథ. ఆ కథ అబద్ధమని అనను. కానీ పాస్‌పోర్టు చేతపట్టుకుని తన పేరు మీద, తన చదువు కోసం వెళ్ళే అమ్మాయి ఒక్కో గల్లీకి ఒక్కరున్నా, ఎనిమిదో తరగతి చదివే పిల్ల తల్లికి చూపించడానికి ఇంకో కథ దొరుకుతుంది. పాతబస్తీ పేదరికం గురించి, ఆరోగ్యం గురించి, పెళ్ళిళ్ళ గురించి పుస్తకాలు రాసినవాళ్ళం ఎక్కువమందిమి మూసీకి ఇవతల ఉన్నవాళ్ళం. ఆ గల్లీల్లో పుట్టిన స్త్రీలే న్యాయశాస్త్రం, ప్రజారోగ్యం, సామాజిక శాస్త్రం చదివొచ్చి ఆ పుస్తకాలు రాస్తే ప్రశ్నలే మారిపోతాయి.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. వీసాకి చూపించాల్సిన సొమ్ము అవసరమైన రోజునే మొదటి విడతకి హామీ ఉత్తరం ఇవ్వాలి. ఆ విడతను నేరుగా యూనివర్సిటీకే కడితే మోసం భయం కూడా ఉండదు. ఎంపిక ఫలితాలు ఏటా ఫలానా తేదీకని ముందే ప్రకటించాలి. పరీక్ష ఫీజులు పథకంలో భాగం కావాలి. దరఖాస్తుల్లో, ఎంపికల్లో, చివరికి ప్రయాణమైనవాళ్ళలో స్త్రీలెంతమందో విడివిడిగా లెక్కలు బయటపెట్టాలి. ఎంపికై కూడా వెళ్ళలేని అమ్మాయిలు మనకి కనపడేది ఆ మూడో అంకెలోనే. హుస్సేనీఆలం మహిళా డిగ్రీ కాలేజీ లాంటి చోట్ల డిగ్రీ రెండో సంవత్సరంలోనే ఈ సమాచారం ఉర్దూలో, తెలుగులో అందాలి. మూడో ఏడు చివర్లో తెలిస్తే అప్పటికే ఇంట్లో సంబంధాలు చూస్తుంటారు.

స్త్రీల సంఘాలకీ ఇందులో పనుంది. ఆ 28 రోజులకి కావాల్సిన సొమ్ము సర్దే ఒక ఉమ్మడి నిధి మనం పెట్టుకోలేమా? తిరిగి రావలసిన డబ్బే కదా! దరఖాస్తు రాయడంలో, ఇంటి పెద్దలతో మాట్లాడటంలో, ఇప్పటికే వెళ్ళొచ్చిన అమ్మాయిని కొత్తగా వెళ్ళబోయే అమ్మాయి తల్లి దగ్గర కూర్చోబెట్టడంలో మనం తోడు నిలబడొచ్చు. ఉపకారం చేసేవాడు ఎప్పుడిస్తే అప్పుడు పుచ్చుకోవాలి. హక్కుకి గడువు ఉంటుంది, గడువు దాటితే నిలదీసే వీలుంటుంది. ఇరవై లక్షలు అన్న అంకె పక్కన ఒక తేదీ కూడా రాయించుకుందాం.